మూడో నట్టు మీద తెల్ల గీత

వణుకుతోంది. నాలుగేళ్ళ కిందట ఎలా వణికిందో అలాగే, పిసరంత కూడా తేడా లేదు, బానెట్ కింద అంచు మీద పెట్టిన పానా గజగజలాడుతూ జరిగి జరిగి కింద పడబోతే పట్టుకున్నాను, పట్టుకున్నది కుడిచెయ్యి, ఆ చెయ్యే, వీధంతా వినేలా "నీ చెయ్యే మంచిది కాదురా, బామ్మర్దివని నెత్తిన పెట్టుకున్నందుకు నాకీ శాస్తి కావలసిందే" అని బావ అన్న చెయ్యి. అక్క తెచ్చిన టీ గ్లాసు ముందు చక్రం మీది రెక్క మీద పెట్టానో లేదో ఒలికి సగమైంది. గోడ మీద గడియారం మూడు దాటింది. నాలుగింటికల్లా బావని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి, ఆగిన ప్రతిచోటా కారు ఇలా ఊగిపోతుంటే ఆయన పడిపోయిన కాలు దానంతటదే ఎగిరెగిరి పడుతోందట, చెయ్యి ఒళ్ళోంచి జారిపోతోందట, తల అద్దానికి కొట్టుకుంటోందట. "నువ్వు చెడగొట్టిందే కదరా, నువ్వే వచ్చి ఓసారి చూడు," అంది అక్క ఫోన్లో, కోపంగా కూడా కాదు, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. అక్క పిలిచింది గనక వచ్చాను. కాదు, అబద్ధమెందుకు, అందుకు రాలేదు. నా చెయ్యి చెడ్డదో కాదో తేల్చుకుందామని వచ్చాను. నాలుగేళ్ళుగా తేలనిది ఈ గంటలో తేలిపోతుంది.

మూల కుర్చీలో బావ ఉన్నాడు. మాట పడిపోయి ఐదు నెలలు, కుడివైపంతా పోయింది, ఎడమచేతికీ పట్టు సరిగ్గా చిక్కట్లేదు, కుడికంట్లోంచి ఊరికే నీళ్ళు కారుతుంటాయి, అది ఏడుపు కాదు జబ్బే అని అక్క గుమ్మంలోనే చెప్పింది, నేను పొరబడతానేమోనని. చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయట, డాక్టరే అన్నాడట. ఉంటాయి మరి, ఆ చెవులతోనే కదా ముప్ఫై ఏళ్ళు ఈ షెడ్డు నడిపాడు, బండి వీధి మలుపు తిరుగుతుండగానే దేనికొచ్చిందో చెప్పేవాడు. నాకూ అవే నేర్పాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకోరా, లోపల నాలుగు గదులున్నాయి, నలుగురూ వంతులవారీగా మాట్లాడుతుంటారు, ఎవడు నోరు మెదపట్లేదో చెప్పు అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. తప్పేవాణ్ణి కాదు. అందుకే నాకు చెవులపిల్లి అని పేరు పెట్టాడు, ఎవరొచ్చినా "మా చెవులపిల్లి వింటాడు, ఉండండి" అనేవాడు, అప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే అంత రోత పుడుతుంది. చెవులపిల్లి ఇప్పుడో ఆస్పత్రి నేలమాళిగలో జనరేటర్ దగ్గర కూర్చుంటాడు బావా, కరెంటు పోతే బటన్ నొక్కుతాడు, వస్తే ఇంకో బటన్ నొక్కుతాడు. దాన్ని విప్పడానికి కంపెనీ వాళ్ళొస్తారు. వాళ్ళు విప్పుతుంటే నేను బయటికి వెళ్ళి నిలబడతాను, నా చెయ్యి తగిలితే ఏమవుతుందోనని. నాలుగేళ్ళలో నేను పానా పట్టలేదు.

సరే, మొదటినుంచీ చూద్దాం. యాక్సిలరేటర్ నొక్కితే వణుకు పోతోంది, వదిలేసి స్లోలో పెడితే మళ్ళీ పట్టుకుంటోంది, అంటే ఇంజన్ కింద రబ్బర్లు కాదు, అయినా కడ్డీ పెట్టి ఎత్తి చూశాను, గట్టిగానే ఉన్నాయి. డీజిల్ పైపులో బుడగలు లేవు, గాలి లాక్కోవడం లేదు. ఫిల్టర్ కొత్తది. స్లో స్క్రూ అర తిప్పు బిగించి చూస్తే వణుకు కాస్త వేగంగా వణికింది, అంతే. పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాను, తడతడతడ, ఒక గ్యాప్, తడతడతడ, ఒక గ్యాప్, వెచ్చటి మూడు దెబ్బలు, ఒక చల్లటి దెబ్బ, అరచేతిలో కొంచెం తడి. నలుగురిలో ఒకడు పనిచెయ్యట్లేదు. ఇది కుర్చీలో ఉన్నాయనకి నేను బానెట్ ఎత్తకముందే తెలుసు. నన్నే చూస్తున్నాడు. నోరుంటే ఈపాటికి అరిచేవాడు, ఏంట్రా పెళ్ళిచూపులా, తొందరగా కానీ. నోరున్నప్పుడు ఆ నోటితో ఏం చేశాడో నాకు గుర్తుంది.

ఆ రోజు, ఆ రోజు గురించి ఎన్నిసార్లు తలుచుకున్నానంటే ఇప్పుడు అందులో జరిగిందెంతో, నేను కల్పించుకున్నదెంతో నాకే తెలియదు. పోస్టుమాస్టరు గారి కారు, ఇదే కారు. ఒక్కో గదిలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ ఊడదీసి శుభ్రం చేసి బిగించాలి, ఒక్కోదాని అడుగున ఒక్కో రాగి వాషర్, పాతది పీకేసి కొత్తది వెయ్యాలి. పాతది కొన్నిసార్లు ఇంజెక్టర్‌తో పాటు పైకి రాదు, మసిలో అంటుకుపోయి గుంత అడుగునే ఉండిపోతుంది, టార్చి వేసి చూస్తే గానీ కనబడదు, అది గుంతలో భాగమే అనుకుంటాం, దాని మీదే కొత్తది వేస్తే ఇంజెక్టర్ సరిగ్గా కూర్చోదు, ఆ గది చచ్చినట్టే. ఒకటి, రెండు నేనే బిగించాను. మూడోది పైకి లాగాను. పాత వాషర్ రాలేదు. వంకీ కమ్మీ కోసం వెతుకుతుంటే అక్క పరుగున వచ్చింది, పిల్లకి బళ్ళో కళ్ళు తిరిగాయట, ఫోనొచ్చింది, వెళ్ళరా అని. "నువ్వెళ్ళు, ఇది నేను చూస్తాను," అన్నాడు బావ. సైకిలెక్కాను. వాషర్ లోపలే ఉందని చెప్పానా? చెప్పాననే అనుకుంటాను. చెప్పలేదేమో. తిరిగొచ్చేసరికి మూడోది బిగించి ఉంది, నాలుగోది నేను బిగించాను. ఇదీ నాకు గుర్తున్నది. బిగించాక నట్టు మీద నుంచి ఇంజెక్టర్‌ని అదిమిపట్టే బిళ్ళ మీదకి ఒక పెయింట్ గీత గీయడం ఈ షెడ్డు పద్ధతి, పూర్తిగా బిగించానని గుర్తు, మళ్ళీ వదులైతే గీత తెగి తెలిసిపోతుంది. బావది పసుపు, నాది తెలుపు. "గీత గీశావంటే సంతకం పెట్టినట్టేరా, రేపు ఎవడొచ్చి తిట్టినా ఆ రంగు వాణ్ణే తిడతాడు," అనేవాడు. మూడోదాని మీద పసుపు గీత చూశానని నాకు గుర్తు. తెల్లవాటి మధ్య ఒక్కటే పసుపు.

మర్నాడు పొద్దున్నే పోస్టుమాస్టరు నిప్పులు చెరుగుతూ వచ్చాడు, బాగుచెయ్యమని ఇస్తే ఉన్నది పాడుచేశారని. బావ తాళం తీసుకుని, ఒక్కడే, అలా తిప్పి చూసుకొస్తానని వెళ్ళాడు. పావుగంటలో రావలసినవాడు ముప్పావుగంటకొచ్చాడు. వచ్చి బానెట్ ఎత్తాడు. పోస్టుమాస్టరు ముందు, పక్కన టైర్ల కొట్టువాడి ముందు, దారినపోయే ఇద్దరు ముగ్గురు ఆగారు వాళ్ళ ముందు, వేలు పెట్టి చూపించాడు. "చూడండి, మీరే చూడండి, ఒకటి రెండు మూడు నాలుగు. నాలుగూ తెల్ల గీతలే. నా చెయ్యి పడలేదు దీని మీద." నేనూ చూశాను. నాలుగూ తెల్లవే. తల కొట్టేసినట్టయింది. బావా, మూడోది నువ్వు కదా అన్నాను. "నేనా? పసుపేదిరా? చూపించు, పసుపేది?" ఏదీ లేదు. అప్పుడన్నాడు ఆ మాట, నీ చెయ్యే మంచిది కాదు అని. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, ఏమంటుంది, నాలుగూ తెల్లగానే ఉన్నాయి మరి. ఆ రోజు షెడ్డు దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కలేదు. పోస్టుమాస్టరు కూడా ఈ బండి నాకొద్దు బాబూ అని బావకే అంటగట్టి పోయాడట. నేను మాత్రం ఆస్పత్రి నేలమాళిగలో కూర్చుని నా బుర్రనే అనుమానించుకున్నాను, చేసిన పని చెయ్యలేదనుకునే మనిషి రేపు ఏం చెయ్యలేదని ఏం చేస్తాడో అని. స్టవ్ ఆర్పానా లేదా అని మెట్లు దిగి మళ్ళీ ఎక్కి చూసుకుంటాను. తలుపు తాళం మూడుసార్లు లాగి చూస్తాను. నా ఇంటావిడ మొదట్లో నవ్వేది, ఇప్పుడు నవ్వదు.

పదిహేడు నంబరు పానా. ఇంజెక్టర్ల మీదికి పంపు నుంచి వచ్చే ఇనప గొట్టాలు నాలుగు, ఒక్కోదాని మూతి కాస్త వదులు చేస్తే డీజిల్ బయటికి చిమ్మి ఆ గదికి తిండి ఆగిపోతుంది, బాగున్న గదికి ఆపితే ఇంజన్ ఇంకా కుంటుతుంది, చచ్చిన గదికి ఆపితే ఏ మార్పూ ఉండదు. ఒకటి వదులు చేశాను, ఇంజన్ ఒక్కసారి కుంగింది, బిగించాను. రెండు, కుంగింది, బిగించాను. నాలుగుకి వెళ్ళాను. మూడు కాకుండా నాలుగుకి ఎందుకు వెళ్ళానంటే భయమేసింది, అదే నిజం. నాలుగూ కుంగింది. మిగిలింది ఒకటే. వదులు చేశాను. డీజిల్ నా మణికట్టు మీదుగా కారుతోంది, ఇంజన్ మాత్రం అలాగే, ముందెలా వణికిందో అలాగే, దానికి ఏమీ పట్టనట్టు. మూడు. తలెత్తి కుర్చీ వైపు చూశాను. బావ ఎడమచెయ్యి కుర్చీ పిడిని పట్టుకుని ఉంది, వేళ్ళ కణుపులు తెల్లగా అయ్యాయి. ఇంజన్ ఆపేశాను. షెడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయి, లోపల అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

మూడయితే ఏంటి, మూడు అని తేలితే నేను కాదని తేలినట్టా, దాని మీదా తెల్ల గీతే ఉంది, మసి కింద ఇప్పటికీ కనబడుతోంది, అంటే నేనే, నేనే సైకిలెక్కి వెళ్ళి వచ్చి పాత వాషర్ సంగతి మరిచి దాని మీద కొత్తది వేసి బిగించి గీత గీసి, అంతా మరిచిపోయాను, అంతే కదా, ఇంకేముంటుంది అనుకుంటూ నట్టుకి పానా వేసి బలంగా లాగాను. నట్టు టక్కుమని కదిలింది. దాని మీది గీత పెచ్చులా లేచి నా బొటనవేలి గోటికింద ఇరుక్కుంది. పెచ్చు లేచినచోట పసుపు.

మొదట నాకు అర్థం కాలేదు. తుప్పేమో అనుకున్నాను. గుడ్డని డీజిల్‌లో ముంచి తుడిచాను, పసుపే, అడ్డంగా చక్కగా గీసిన గీత, బావ గీత, చివర కాస్త తోకలా పైకి లాగుతాడు, ఆ తోకతో సహా ఉంది. దాని మీద తెలుపు. వెంటనే మొదటిదాని మీద గీకాను, తెలుపు కింద ఇనుము. రెండోదాని కింద ఇనుము. నాలుగోదాని కింద ఇనుము. మూడోదాని కిందే పసుపు. పావుగంటలో రావలసినవాడు ముప్పావుగంట ఎక్కడున్నాడో ఇప్పుడు తెలిసింది. ఏ వీధి చివరో బండి ఆపి, బానెట్ ఎత్తి, ఒక్కో గొట్టం వదులు చేసి చూసి, ఈ మూడోదాని దగ్గరికొచ్చి, తన పసుపు గీత తననే చూస్తుంటే, జేబులోంచి నా డబ్బా తీసి, నా కుంచెతో, నా రంగుతో. అంటే బయల్దేరేటప్పుడే జేబులో నా డబ్బా పెట్టుకుని వెళ్ళాడు! బావా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నేను వాషర్ తీసేశాననుకున్నావు, టార్చి వేసి చూడలేదు, ఎన్నిసార్లు జరగలేదు ఈ షెడ్డులో, ఎన్నిసార్లు నవ్వుకోలేదు. ఒక్కమాట, ఒరేయ్ నాదే పొరపాటురా అంటే నీ ముప్ఫై ఏళ్ళ పరువేం కరిగిపోయేది? పోస్టుమాస్టరు ఓ పూట తిట్టి ఊరుకునేవాడు. దానికోసం నన్ను నాకే కాకుండా చేశావు.

ఇంకొకటి కూడా తట్టింది, దాంతో ఒళ్ళు ఇంకా మండింది. నాలుగేళ్ళు ఈ కారు ఈయన దగ్గరే ఉంది. అరగంట పని. ఎవరూ లేనప్పుడు ఒక నట్టు విప్పి ఒక వాషర్ పీకితే అయిపోయే పని, ఊళ్ళో అందరి బళ్ళూ బాగుచేసేవాడు తన కారు వణుకుతుంటే చెయ్యి పెట్టలేదు. అక్క చెప్పేది, మీ బావ ఇంకో మెకానిక్‌ని కూడా దాన్ని ముట్టుకోనివ్వరురా, ఇంజెక్టర్ కూర్చునే గుంతే దెబ్బతింది ఇక బాగుపడదు అంటారు అని. రోజూ పొద్దున తాళం తిప్పగానే ఇది ఇలా వణికేది, అక్క వింటూండేది, పిల్ల వింటూండేది, "మీ తమ్ముడి చేతి చలవ" అనేవాడట నవ్వుతూ. బాగైతే ఆ మాట ఎలా అంటాడు? వణికినన్నాళ్ళూ నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. అందుకని దాన్ని అలాగే ఉంచుకున్నాడు, సొంత నడుం నొప్పెట్టినా ఉంచుకున్నాడు, ఆఖరికి పడిపోయిన కాలు ఎగిరెగిరి పడుతున్నా నోరు లేక ఊరుకున్నాడో, నోరున్నా ఊరుకునేవాడో.

చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి, అదొక వింత, నాలుగేళ్ళు పానా పట్టని చేతులు ఏమీ మరిచిపోలేదు. మూడో ఇంజెక్టర్ కుదిపి కుదిపి పైకి లాగాను, మసి ముద్దలా వచ్చింది. టార్చి వేశాను. వంకీ కమ్మీ లోపలికి దించి అంచు పట్టి పైకి లాగితే వచ్చాయి, రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఒక్కటే మందపాటి వాషర్లా, గోటితో మధ్యలో గీరితే గీత పడింది, ఒకటి పాతది, ఒకటి కొత్తది. గుంత తుడిచాను, రేకు డబ్బాలోంచి కొత్త వాషర్ తీసి వేశాను, ఒకటే, రెండుసార్లు టార్చి వేసి చూసి ఒకటే అని చెప్పుకుని, ఇంజెక్టర్ దించి, నట్టూ బిళ్ళా థిన్నర్‌తో శుభ్రంగా కడిగి బిగించి, అరలో గడ్డకట్టిన నా పాత తెల్ల డబ్బాలో కాస్త థిన్నర్ పోసి కలిపి గీత గీశాను. గీత గీశాక ఆగిపోయాను. కడిగేశాను. పసుపు కడిగేశాను. ఎవరికి చూపించాలన్నా ఇప్పుడు ఏమీ లేదు, బిగించేముందు నట్టూ బిళ్ళా కడగాలి, బిగించాక గీత గీయాలి, అని ఈయనే నేర్పిన పద్ధతిలో ఈయన అబద్ధాన్ని నా చేత్తో నేనే పూర్తిచేశాను. ఇప్పుడు నిజంగానే నాలుగూ తెల్ల గీతలు, నాలుగూ నావే. నవ్వొచ్చింది. పైకే నవ్వానేమో, బావ కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

వెళ్ళి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాను. ఎడమచెయ్యి పట్టుకుని అరచెయ్యి విప్పి ఆ రెండు వాషర్లూ అందులో పెట్టాను. బొటనవేలితో తడిమాడు. అంచు తడిమాడు, మధ్య గీత తడిమాడు. ఆ వేలికి తెలుసు.

"పసుపు చూశాను బావా," అన్నాను మెల్లగా. "తెలుపు కింద. కడిగేశాను, ఇప్పుడది లేదు. ఇక నువ్వే చెప్పాలి. నోరు లేకపోతే పోయింది, అక్క రాగానే చెయ్యి విప్పి ఇవి చూపించి, వేలు నీ వైపు పెట్టుకో. అంతే. నాకింకేం వద్దు."

లేచి తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది, ఒక్కసారి దగ్గి, కొంచెం పొగ కక్కి, కుదురుకుంది. నలుగురూ వంతులవారీగా మాట్లాడుతున్నారు, ఎవరూ తడబడటం లేదు. రెక్క మీది టీ గ్లాసులో మిగిలిన టీ మీద చిన్న అల కూడా లేదు. ఈ చెయ్యేరా బావా, ఈ చెయ్యే, అని అరవాలనిపించింది, ఏడుపొచ్చింది, తుడుచుకుంటే మొహమంతా మసైంది.

అక్క తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆపేశావేంట్రా, టైమవుతోంది."

"ఆపలేదక్కా. నడుస్తోంది."

నమ్మలేక బానెట్ మీద అరచెయ్యి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఆమె మొహం వెలిగిపోయింది. "ఏంటి, ఏమైందట ఇన్నాళ్ళూ?"

బావ వైపు చూశాను. చెయ్యి విప్పితే చాలు. ఒక్కసారి. అక్క కూడా నా చూపు వెంటే ఆయన వైపు చూసింది, తనంతట తనే ఏదో సర్దుకుని, దగ్గరికొచ్చి నా భుజం తట్టింది. "పోనీలేరా. నీ తప్పు నువ్వే దిద్దుకున్నావు. ఇక ఆయన మనసులో కూడా ఏమీ ఉండదు."

బావ పిడికిలి బిగించాడు. బిగించి, మెల్లగా దాన్ని తొడకీ కుర్చీకీ మధ్య సందులోకి తోసేశాడు. నా వైపు చూడలేదు, ఇంజన్ వైపు చూస్తూ కూర్చున్నాడు, బాగా నడుస్తున్న బండిని వినేటప్పుడు చూసినట్టే. చెప్పెయ్యనా? నట్టు మీద నాదే గీత, చేతిలో ఏమీ లేదు, నాలుగేళ్ళ తర్వాత నోరు పడిపోయిన మనిషి మీద నింద వేస్తున్నానంటుంది. ఒకవేళ నమ్మితే, రేపటినుంచి ఈ మనిషికి ఏ మొహంతో ముద్ద కలిపి పెడుతుంది? రెండిట్లో ఏది జరిగినా నాకు ఒరిగేదేమీ లేదు.

"ఏంటండీ ఆ చేతిలో? ఇనప ముక్కా ఏంటి, నోట్లో పెట్టుకుంటారు, ఇలా ఇవ్వండి," అంటూ అక్క ఆ చెయ్యి పైకి లాగి వేళ్ళు విప్పబోయింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. రాలేదు. చిటికెన వేలు కూడా కదల్లేదు. అక్క ఆగి, ఆయన మొహంలోకి చూసి, పకపకా నవ్వింది.

"చూశావట్రా, ఎంత గట్టిగా పట్టుకున్నారో! వారం కిందట చెంచా కూడా నిలవలేదు ఈ చేతిలో. డాక్టర్ గారికి చెప్పాలి ఇవాళ."

కారు వెనక తలుపు తీసి పట్టుకున్నాను, ఆయన్ని ఎక్కించడానికి.

"చెప్పక్కా," అన్నాను. "విప్పమన్నా విప్పలేదని చెప్పు."